మూడవ ఆతిథేయి

విధాత కొన్ని ప్రాణులను తీరిక లేక హడావుడిగా చేసి వదిలాడని నమ్మేవారు గబ్బిలపు ఈగను చూసి ఉండరు. అది ఆయన బాగా తీరిక చేసుకొని, కొంచెం కొంటెతనం కూడా కలుపుకొని చేసిన పని. పేరుకు ఈగయే గాని దానికి రెక్కలు లేవు. సాలెపురుగును తలపించే ఆరు కాళ్లు, ఆ కాళ్ల కొసలను కొక్కేలవంటి గోళ్లు, వెనుకకు మడిచి వీపుమీద ఆనించుకున్న తల. చూసేవారికి అది ఎవరికో వెనుదిరిగి నమస్కరిస్తున్నట్లు తోస్తుంది. గబ్బిలం బొచ్చే దానికి అడవి, గబ్బిలం నెత్తురే దానికి అన్నం. ఆ ఒంటిమీదినుంచి జారి పడిందంటే మరునాటి పొద్దు చూడడం దానికి కష్టం.

అంతకంటె వింత మరొకటి ఉంది. ఏ జాతి గబ్బిలానికి ఆ జాతి ఈగయే. పక్కకొమ్మను వేలాడుతున్న వేరు జాతి గబ్బిలం ఎంత పుష్టిగా ఉన్నా, దీనికి ఆకలి ఎంత దహించినా, అటు కన్నెత్తి చూడదు. తల్లి ఈగ గుడ్లు పెట్టదు. ఒక్క బిడ్డను కడుపులోనే పాలిచ్చి పెంచి, నిండా ఎదిగిన తరువాత తన గబ్బిలాలు వేలాడే గోడకే అంటించి వస్తుంది. ఆ బిడ్డ కళ్లు తెరిచేసరికి ఎదుట తన వాళ్లే ఉండాలని. పరాన్నభుక్కుకు పాతివ్రత్యమా అని ముక్కున వేలు వేసుకోదలచినవారు వేసుకోవచ్చు. ధర్మం ఎప్పుడు ఎవరి ఇంట కాపురం పెడుతుందో చెప్పడం పెద్దల తరం కూడా కాలేదు.

ఇంతటి నిష్ఠ గల ఈగను పట్టుకొని, ఇది ఇల్లిల్లూ తిరిగే రకమని లోకానికి చాటిన మహనీయుడు ఒకాయన ఉన్నాడు. జీవశాస్త్ర పరిశోధన సంస్థలో కీటక శాఖకు ఆయన అధ్యక్షుడు. ముఖం ఎదుట అందరూ ఆచార్యులవారూ అంటారు. వెనుక ఈగలయ్య అంటారు. ఆయన కోటుమీద నిజంగా ఈగ వాలనివ్వడు. గదిలో నాలుగు గోడలకూ నాలుగు సన్మానాల చిత్రపటాలు, బల్లమీద సూక్ష్మదర్శిని, దానిమీద దుమ్ము. ఆ దుమ్మును ఎవరూ తుడవరాదు. ఆయన ఆలోచనలో మునిగి ఉన్నాడనడానికి అదొక్కటే గుర్తు.

ఆయన పరిశోధన చరిత్ర పొడవైనదే. సంస్థకు మొదట వచ్చిన డైరెక్టరుకు ఎలుకలంటే ప్రీతి. ఆ రోజులలో మన ఆచార్యులవారు ఎలుకల ఒంటి పేలకు ప్రాణమిచ్చాడు. ఆ డైరెక్టరు దిగిపోయి చేపలంటే పడిచచ్చే మరొకాయన గద్దె ఎక్కగానే, ఎలుకల పేలన్నీ రాత్రికి రాత్రే నీచజాతివై, చేపల ఒంటి జలగలలో పరతత్వం గోచరించింది. ఇప్పటి డైరెక్టరుకు గబ్బిలాలు ఇష్టం. తక్కినది చెప్పనక్కరలేదు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టడాన్ని మామూలు మనుషులు లౌక్యమంటారు. ఆచార్యులవారు దానిని పరిణామమంటాడు. అటువంటివాడికి, ఈగ ఒక ఆశ్రయాన్ని విడిచి మరొక ఆశ్రయానికి ఆనందంగా వెళుతుందన్న సిద్ధాంతం తోచడంలో ఆశ్చర్యమేముంది? తన జాతకాన్నే ఆయన ఈగ నోట చదివించాడు. దానికి ‘ఆశ్రయ స్వేచ్ఛా సిద్ధాంతం’ అని పేరు పెట్టి ఊరూరా ప్రసంగించాడు. శాలువలు వచ్చాయి. దండలు వచ్చాయి. ఈగకు మాత్రం ఎవరూ కబురు పెట్టలేదు.

ఇక సిద్ధాంతం పుట్టిన తీరు. గబ్బిలాలను పట్టి తెచ్చే పని ఆచార్యులవారి బావమరిదిది. అక్క ఇంట భోజనం, బావ శాఖలో కొలువు, ఎప్పుడూ భుజాన ఒక సంచి, అందుకని పిల్లలు పెట్టిన పేరు సంచీ బాబాయ్. మూతపడిన నూలు మిల్లు నేలమాళిగలో ఆకుముక్కు గబ్బిలాలు ఉంటాయి. అరచేతిలో ఇమిడేంత చిన్నవి. మిల్లు వెనుక తోటలో పండ్ల గబ్బిలాలు వేలాడుతుంటాయి. విప్పిన గొడుగంత పెద్దవి. ఈ వృత్తిలో మీరరాని నియమం ఒకటుంది: ఒక గబ్బిలానికి ఒక సంచి, వాడిన సంచిని ఉతకనిదే మళ్లీ వాడరాదు. సంచిలో రెండు గబ్బిలాలు కలిశాయంటే, బెదిరిన ఈగలు దొరికిన ఒంటిమీదికల్లా పాకుతాయి. ఇల్లు తగులబడి ఎదురింటి అరుగు ఎక్కినవారిని పట్టుకొని వీరు ఎదురింటివారే అని రాసుకుంటే ఎలా ఉంటుందో, అప్పుడు ఆ ఈగల లెక్క అలా ఉంటుంది.

సంస్థవారి నూలు సంచులు ఏనాడో చిరిగిపోయాయి. వాటికి బదులుగా దిండు గలీబులు శ్రేష్ఠమని ఈ విద్య తెలిసినవారందరూ ఒప్పుకుంటారు. బావమరిది అక్క బీరువామీద పడ్డాడు. మొదట పోయిన గలీబులు చిల్లులు పడి, కంపు కొడుతూ తిరిగి వచ్చేసరికి, ఆమె బీరువాకు తాళం వేసి తాళంచెవిని కొంగున ముడివేసుకుంది.

“ఇంకొక్క గలీబు ఇందులోంచి కదిలిందో, నిన్నే అందులో పెట్టి కుట్టేస్తాను. జాగ్రత్త!” అన్నది.

“శాస్త్రం కోసం అక్కా.”

“శాస్త్రానికి దిండ్లెందుకురా? అది నిద్రపోతుందా?”

ఆ విధంగా అతనికి ఒకే ఒక గలీబు మిగిలింది. ఒక్కదానితోనే కాలక్షేపం చేశాడు. నేలమాళిగలో దొరికినదీ, తోటలో దొరికినదీ అందులోనే వేసి మూతి బిగించి తెచ్చాడు. ఆనాడే ఆకుముక్కు గబ్బిలపు ఈగ పండ్ల గబ్బిలం మెడమీద ఆచార్యులవారికి దర్శనమిచ్చింది. ఒక ఇల్లాలి పొదుపులోనుంచి ఒక మహాసిద్ధాంతం అవతరించింది.

దీనికి అడ్డుతగిలినది ఆయన శిష్యురాలే. చిన్న ఆకారం, పెద్ద గొంతు. తను సొంతంగా కుట్టుకున్న సంచులతో, ఒక గబ్బిలానికి ఒక సంచి చొప్పున, తనే మిల్లు చుట్టూ తిరిగి పని చేసింది. ఆమె చూసినంత మేరకు ఏ ఈగా జాతి మారలేదు. ఆ సంగతినే తన సిద్ధాంత గ్రంథంలో నాలుగవ అధ్యాయంగా రాసింది. మౌఖిక పరీక్ష దగ్గరపడింది. పొరుగూరి కళాశాలవారు ఆమెకు అధ్యాపకురాలి పని ఇస్తామని, ఈ పరీక్ష గట్టెక్కేవరకే కుర్చీ ఖాళీగా ఉంచుతామని చెప్పారు. గ్రంథంమీద గురువు సంతకం పడితే కుర్చీ ఆమెది. పడకపోతే చేసిన పని అంతా గబ్బిలాల పాలు.

ఆచార్యులవారు ఆమెను గదికి పిలిపించాడు.

“నాలుగో అధ్యాయం తీసెయ్యమ్మా.”

“తీసేస్తే ఏం మిగుల్తుంది సార్? ముందుమాటా, చివర కృతజ్ఞతలూ.”

“కృతజ్ఞతలు చాలా ముఖ్యం. చూడూ, ఈగ మారుతుందని నేనంటాను. మారదని నువ్వంటావు. ఒకే గదిలోంచి రెండు మాటలొస్తే లోకం ఏమనుకుంటుంది?”

“రెండిట్లో ఒకటి నిజమనుకుంటుంది సార్.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం వచ్చినప్పుడు ఆయన చేసే పని అదే. “సరే. వైవాలో అందరి ముందూ, బయటినుంచొచ్చే ఎగ్జామినర్ ముందూ, ఆ అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నానని నీ నోటితో చెప్పు. అక్కడికక్కడే సంతకం పెట్టేస్తాను. చెప్పకపోతే, పేనుకి పెత్తనమిచ్చానని నేనే బాధపడాల్సొస్తుంది.”

ఆమె గ్రంథం చేతబట్టుకొని బయటికి వచ్చింది. నడవలో బావమరిది ఎదురుపడితే అతనిని ఆపింది.

“బాబాయ్, నిజం చెప్పండి. మీరు ఒక్కో గబ్బిలానికి ఒక్కో సంచే వాడతారా?”

“ఎంత మాటన్నావు! ఇదుగో, ఈ భుజాన ఉన్న సంచి మీద ఒట్టు.”

“భుజాన ఉన్నది ఒకటేగా?”

“ఒట్టుకి ఒకటి చాలదూ?” అని అతడు గుమ్మడికాయల దొంగవలె భుజం తడుముకుంటూ వెళ్లిపోయాడు.

పరీక్షకు బయటినుంచి వచ్చే పెద్దావిడ ఈ ఈగల శాస్త్రంలో తల నెరిసిన మనిషి. విద్యార్థులు ఆమెను సూది మేడమ్ అంటారు. ఆమె మాట ఎక్కడ దిగినా ఒక బొట్టయినా రాలక మానదట. ఆమెను అతిథిగృహంలో దింపితే మర్యాద కాదని, తన ఇంటనే విడిది ఏర్పాటు చేశాడు ఆచార్యులవారు. ఉప్పు తిన్న నోరు తీపిగా మాట్లాడుతుందని ఆయన నమ్మకం. ఇంటి ఇల్లాలు ముందు గది తుడిపించి, మంచంమీద కొత్త దుప్పటి పరచి, అంచున తన చేతితో పూలు కుట్టిన తెల్లని గలీబును దిండుకు తొడిగి, వంటింటిలోకి వెళ్లింది.

సరిగ్గా ఆ ఉదయమే బావమరిదికి కష్టం వచ్చిపడింది. పరీక్షలో అందరికీ ప్రత్యక్షంగా చూపించాలి, రెండు జాతుల గబ్బిలాలనూ తాజాగా పట్టి తెమ్మని బావ ఆజ్ఞ. ఉన్న ఒక్క గలీబు ముందురోజే నిలువునా చిరిగింది. అక్క బీరువాకు తాళం. ముందు గదిలో దిండుమీద తెల్లని గలీబు మాత్రం తాళం లేకుండా నవ్వుతున్నది. అతిథి వచ్చేది ఎండ ఎక్కిన తరువాత గదా అనుకున్నాడు. దానిని ఊడబెరికి మిల్లుకు పరుగెత్తాడు. రెండింటినీ అందులోనే వేసి తెచ్చి, శాఖలోని పంజరాలలోకి వదిలి, ఇంటికి వచ్చి, గలీబును తిరగవేసి మళ్లీ దిండుకు తొడిగాడు. లోపలిది బయటికీ, బయటిది లోపలికీ. తిరగవేస్తే ఉతికినట్లేనని అతని సిద్ధాంతం. ఆ ఇంట సిద్ధాంతాలకు కొదవ లేదు.

పెద్దావిడ వచ్చింది. భోజనం చేసింది. ఆచార్యులవారు వడ్డనకు అడుగడుగునా అడ్డుపడుతూ ఆమె పాత పరిశోధనలను ఆమెకే వివరించాడు. ఆమె చేయి కడుక్కొని, పరీక్షవేళకు ముందు కాసేపు నడుము వాలుస్తానని గదిలోకి వెళ్లి తలుపు చేరవేసుకుంది. ఆచార్యులవారు ప్రసంగం వల్లించుకుంటూ సంస్థకు బయలుదేరాడు.

ఇల్లాలు మంచినీళ్లు పెట్టడానికి వెళ్లేసరికి ఆవిడ మంచంమీద లేచి కూర్చొని ఉంది. కళ్లజోడు పెట్టెను అరచేతిలో తెరిచి, మూత సందులోనుంచి తదేకంగా చూస్తున్నది.

“ఏమండీ, నిద్ర పట్టలేదా?”

“చెవి వెనకాల ఎవరో నడుస్తుంటే మెలకువొచ్చిందమ్మా.”

ఇల్లాలు ఆ పెట్టెలోకి చూసి గుండెలు బాదుకున్నంత పని చేసింది. “నల్లి! అయ్యో నా రాత! మా ఇంట్లో నల్లా! రెండుపూటలా దులుపుతానండీ, మీ మీద ఒట్టు...”

“నల్లయితే విదిలించేసి మళ్లీ పడుకునేదాన్ని. ఇది నల్లి కాదు. మీవారి తరఫు చుట్టం. పరువుగల ఇంటి ఆడపడుచు. పుట్టిల్లు దాటి అడుగు బయట పెట్టదు. అలాంటిది ఇంత దూరం ఒంటరిగా నా చెవి దగ్గరికి ఎలా వచ్చిందా అని చూస్తున్నాను. ఈ గలీబు ఎవరు తొడిగారమ్మా?”

“నేనేనండీ, పొద్దున్నే. అంచు చూడండి, నేను కుట్టిన పూలు...” అంటూ దిండు చేతిలోకి తీసుకుని ఇల్లాలు ఆగిపోయింది. పూలు కనబడలేదు. పూల వెనుక ముడులు కనబడ్డాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకు కొత్త కాదు. ఎన్ని గలీబులకు ఆ వాసనతోనే అంత్యక్రియలు జరిపించిందో! ఆమె ముఖంలో రంగులు మారాయి.

“ఒరేయ్!” అని ఇల్లు అదిరేలా కేక వేసింది. బావమరిది అప్పటికే సంస్థకు జారుకున్నాడు.

“అరవకండి,” అన్నది పెద్దావిడ, కళ్లజోడు పెట్టెను మెల్లగా మూసి. “ఆ గలీబు ఊడదీయండి. ఉతక్కండి, దులపకండి. దాన్ని పట్టుకుని మీరు కూడా పరీక్షకి రండి. నా వెనకాలే వద్దు, కాస్త ఆగి రండి. ముందు మీవారిని పూర్తిగా మాట్లాడనివ్వాలి.”

పరీక్ష గది నిండింది. పొడవాటి బల్లమీద రెండు పంజరాలు, వాటిమీద నల్లని గుడ్డలు. ఒక పక్క శిష్యురాలి గ్రంథం, సంతకం చేయవలసిన పుట తెరిచి ఉంది. దానిమీద మూత తీయని కలం. ఆ కలాన్ని ఆచార్యులవారే అక్కడ పెట్టాడు. ఎలుక బోనులో కొబ్బరిముక్క ఎక్కడ పెట్టాలో ఆయనకు ఎలుకల కాలంనుంచీ తెలుసు.

ఆయన లేచాడు. గొంతు సవరించుకున్నాడు. ఈగ అల్పప్రాణి కాదనీ, అది స్వేచ్ఛాజీవి అనీ, ఒకే ఆశ్రయాన్ని పట్టుకు వేలాడడం జడత్వమనీ, తగిన వేళ తగిన చోటికి చేరుకోవడమే ప్రాణిధర్మమనీ అనర్గళంగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన చూపు ముందు వరుసలో ఉన్న డైరెక్టరు కుర్చీమీదనే ఉంది. కుర్చీ ఖాళీగానే ఉంది; ఆయన రాలేదు. అలవాటు పడిన భక్తికి మూర్తి లేకపోయినా పీఠం చాలు. తరువాత గుడ్డ తొలగించి, బావమరిది చేత పండ్ల గబ్బిలాన్ని పట్టించి, దాని మెడమీది బొచ్చును పాయ తీసి, చిన్న పట్టకారుతో ఒక ఈగను పట్టి పైకెత్తాడు.

“చూడండి! ఆకుముక్కు గబ్బిలపు ఈగ, పండ్ల గబ్బిలం మీద! ప్రత్యక్షానికి మించిన ప్రమాణం ఉందా?” అని శిష్యురాలివైపు తిరిగాడు. “ఇప్పుడు చెప్పమ్మా, నాలుగో అధ్యాయం సంగతి.”

ఆమె కలంవైపు చూసింది. తెరిచిన పుటవైపు చూసింది. పొరుగూరి కళాశాలలో తన కోసం ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్క మాట దూరంలో ఉంది. అటూ ఇటూ అయితే ఆ మాట దూరంలోనే ఎప్పటికీ ఉండిపోతుంది.

“వెనక్కి తీసుకోను సార్.”

“ఏమన్నావ్?”

“మీరు చూపించింది ఈగ ఎక్కడ దొరికిందో చెప్తుంది. ఎక్కడ బతుకుతుందో చెప్పదు. నేను చూసినంతవరకూ అది ఇల్లు మారదు. నేను రాసింది నిజం. సంతకం పెట్టకపోతే పెట్టకండి.”

ఆచార్యులవారు కలం తీసుకొని తన కోటు జేబుకు తగిలించుకున్నాడు. “అయితే ఈ పరీక్ష ఇంతటితో...”

“కాస్త ఆగండి,” అన్నది పెద్దావిడ. “పరీక్షకురాలిని నేననుకుంటా. నాదో చిన్న సందేహం. అమ్మాయిని కాదు, మిమ్మల్నే అడగాలి.”

“అడగండి మేడమ్, అడగండి!” అని ఆయన వికసించాడు.

“ఒక ఈగ ఒక ఒంటి మీద దొరికితే, ఆ ఒళ్లే దాని ఆతిథేయి. ఇల్లిచ్చి అన్నం పెట్టే తల్లి. అంతేనా మీ సిద్ధాంతం?”

“అక్షరాలా అంతే.”

“సంచి సంగతీ, దారి సంగతీ అడగక్కర్లేదు?”

“కంటికి కనబడ్డాక ఇంకేం కావాలి మేడమ్? అనుమానాలు అసమర్థులకి.”

“మంచిది.” ఆమె కళ్లజోడు పెట్టె తెరిచి బల్లమీద పెట్టింది. “ఈ ఈగ ఏ జాతిదో కాస్త చూసి పెట్టండి.”

ఆచార్యులవారు భూతద్దం పెట్టి చూశాడు. మురిసిపోయాడు. “సందేహమే లేదు, ఆకుముక్కు గబ్బిలానిది. ఆడది. ప్రాణంతో ఉంది కూడా. ఎంత చక్కగా ఉంది! ఎక్కడ దొరికింది మేడమ్?”

“నా చెవి వెనక.”

ఆయన భూతద్దం దించలేదు. దించితే ఆమె ముఖం చూడవలసి వస్తుంది.

“మీ ఇంట్లో, మీ దిండు మీద, మీరు పెట్టిన భోజనం తిని పడుకున్నాక,” అని ఆమె తాపీగా కొనసాగించింది. “మీ లెక్కన దీనికి మొదటి ఆతిథేయి ఆకుముక్కు గబ్బిలం. రెండోది పండ్ల గబ్బిలం. మూడోది నేను. మరి లోకానికి నన్ను ఏ రకం గబ్బిలమని పరిచయం చేస్తారు? ముక్కు చూసి చెప్పండి.”

వెనుక వరుసలో ఎవరో నవ్వును దగ్గుగా మార్చబోయి విఫలమయ్యారు. ఆ తరువాత ఎవరూ ఆ ప్రయత్నం కూడా చేయలేదు.

“అది... అదేదో పొరపాటున దారి తప్పి ఉంటుంది మేడమ్...”

“ఓహో. నా చెవి దగ్గరకొస్తే దారి తప్పడం. పండ్ల గబ్బిలం మెడ దగ్గరకొస్తే స్వేచ్ఛ. చాలా తెలివైన ఈగ!”

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఇల్లాలు వచ్చింది. చేతిలో తెల్లని గలీబు, తిరగవేసినది తిరగవేసినట్లే, జెండావలె వేలాడుతున్నది. బావమరిది తేలు కుట్టిన దొంగవలె పంజరం వెనుకకు ఒదిగాడు. అతడు ఆకుముక్కు గబ్బిలమైతే పంజరం వెనుక సరిపోయేవాడే. దేహం పండ్ల గబ్బిలపు దేహం.

“ఒరేయ్, ఇలా రా. ఇది నీ పనేనా?”

“అక్కా, ఇక్కడ కాదు, ఇంటికెళ్లాక...”

“ఇక్కడే చెప్పు. రెండిటినీ ఇందులోనే వేశావా?”

“నువ్వు రెండోది ఇస్తే రెండిట్లో వేసేవాణ్ణి! బీరువాకి తాళం వేసుకుంది ఎవరు?”

“ఎప్పట్నించిరా ఇలా?”

“మొదట్నించీ,” అన్నాడతడు నేల చూపులు చూస్తూ.

ఆచార్యులవారి గొంతు కీచుమన్నది. “ఒరేయ్ దౌర్భాగ్యుడా! ఇన్నాళ్లూ నాకో మాట చెప్పలేదే!”

“మీరెప్పుడడిగారు బావగారూ? ఈగ మారిందని కనిపెట్టిన రోజున మీరు నన్ను కౌగిలించుకున్నారు. అక్క పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఆ సంతోషం చెడగొట్టడానికి నాకు మనసు రాలేదు.”

నవ్వులు సద్దుమణిగేవరకు ఆగి, పెద్దావిడ శిష్యురాలిని పిలిచింది. “అమ్మాయ్, దీనికి ఇంకా ఊపిరి ఉంది. చెప్పింది చాలు, చూపించు.”

శిష్యురాలు సన్నని కుంచె తీసుకుంది. పెట్టెలోని ఈగను కుంచె కొసకు ఎక్కించుకొని, మొదట పండ్ల గబ్బిలం భుజంమీద దించింది. ఆ బలిసిన ఒళ్లు, ఆ దట్టమైన బొచ్చు చూసి అది ఆశపడలేదు. సంతలో తప్పిపోయిన బిడ్డవలె అటు ఇటు పరుగులు తీసింది. రెక్క అంచువరకు వెళ్లి ఆగింది. చివరకు కొక్కేలు వదిలి బల్లమీద రాలి పడింది. శిష్యురాలు దానిని మళ్లీ కుంచెకు ఎక్కించుకొని ఆకుముక్కు గబ్బిలం దగ్గరకు తీసుకువెళ్లింది. కుంచె ఇంకా తాకీ తాకకముందే అది దూకింది. నీటిలో విడిచిన చేపవలె బొచ్చులో మునిగింది. మరి కనబడలేదు. చిన్న గబ్బిలం కాలితో ఒకసారి గోక్కుని, తనవారు తిరిగి వచ్చారన్నట్లు తల వాల్చుకుంది.

ఆ గదిలో ఎందరో చదువుకున్నవారు ఉన్నారు. ఇంటికి చేరుకున్న ఒక ఈగను చూడడానికి వారంతా మెడలు చాచి లేచి నిలబడ్డారు.

ముందుగా తేరుకున్నది ఆచార్యులవారే. అందరికంటె ముందు తేరుకోవడమే ఆయన జీవితవిద్య. నిటారుగా నిలబడ్డాడు, ముఖం నిండా వెలుగు తెచ్చుకున్నాడు, చప్పట్లు కొట్టాడు.

“శభాష్! ఇదీ నేను కోరుకున్నది! గురువు కాదన్నా నిజం మీద నిలబడుతుందా లేదా అని పరీక్షించాను. నిలబడింది! నా శిష్యురాలు!”

“మరి ఊరూరా ఇచ్చిన ప్రసంగాలో?” అన్నది పెద్దావిడ.

“అవీ పరీక్షలో భాగమే మేడమ్. పరీక్ష కాస్త పెద్ద ఎత్తున పెట్టాను.”

ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన జేబులోని కలం తీసి, గ్రంథంమీద ఇంత పెద్ద సంతకం చేశాడు. సిరా ఆరకముందే శిష్యురాలి చెవి దగ్గరకు వంగాడు.

“ఆ నాలుగో అధ్యాయం చాలా గొప్పగా ఉందమ్మా. దాన్ని విడిగా అచ్చు వేద్దాం. పైన మనిద్దరి పేర్లూ. పెద్దవాణ్ణి కాబట్టి నాది ముందు.”

ఆమె పుటను రెండు చేతులతో తనవైపు లాక్కుని సిరామీద మెల్లగా ఊదింది. సిరా పూర్తిగా ఆరిందని వేలితో తాకి చూసుకున్న తరువాతనే జవాబు చెప్పింది.

“మీ పేరు కృతజ్ఞతల్లో వేస్తాను సార్. కృతజ్ఞతలు చాలా ముఖ్యమని మీరేగా అన్నారు. బాబాయ్ పేరూ, గలీబు పేరూ కూడా పక్కనే ఉంటాయి.”

సాయంత్రం పెద్దావిడ ప్రయాణమైంది. ఆమె పెట్టెను కారుదాకా మోసినది సాక్షాత్తు ఆచార్యులవారే. మెట్లు దిగుతూ, ఈగకు గల ఏకనిష్ఠను గురించి కన్నులు చెమర్చేలా చెప్పాడు. ‘ఆశ్రయ నిష్ఠా సిద్ధాంతం’ అన్న పేరు ఎలా ఉంటుందని అడిగాడు. పెట్టెను కారులో పెట్టి, తలుపు వేసి, కిటికీ దగ్గర వంగి నిలబడ్డాడు.

“మేడమ్, మీ సంస్థకి కొత్త డైరెక్టర్ గారు వచ్చారని విన్నాను. వారికి ఏ ప్రాణి అంటే ఇష్టమో?”

“నత్తలు.”

“నత్తలు!” ఆ మాటను ఆయన మంత్రోపదేశంవలె స్వీకరించాడు. చేతులు వాటంతట అవే జోడింపబడ్డాయి. “నత్తల ఒంటి మీద ఏముంటాయి మేడమ్?”

ఆమె చెవి వెనుక ఒకసారి తడుముకొని, కారు అద్దం పైకెత్తింది.